అల్లుడూ, నీ పేరు రాయించుకో

ఆదివారం సంతలో నిన్ను చూస్తిని. అంత ఎండలో చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకోని టెంకాయల కుప్ప కాడ నిలబడుండావు. సంచి ఎత్తబోతే కుడిచెయ్యి పైకి లేవలా. మీ అమ్మ చూడలేదులే, నేనూ చెప్పలా. హోసూరులో బాగలూరు రోడ్డు మలుపులో ఇసుకకు బండి జారిందంటివి. ఇసుక కాదురా నిన్ను పడేసింది, ఫోన్లో కరిగిపోయే డెలివరీ నిమిషాలు.

ఇరవై ఏండ్లు లారీ తోలినోణ్ని. ఆలస్యమైతే మా ఓనరు నోటికొచ్చినట్ల తిట్టేవాడు, మేమూ ఎదురు తిట్టేవాళ్లం, సాయంత్రానికి సరిపోయేది. నీ ఓనరు తిట్టడు, కనబడడు. రేటింగు తగ్గిస్తాడు, ఇంకా కోపమొస్తే ఐడీ ఆపేస్తాడు. అందుకే నీకు భయం ఎక్కువ. పైగా 'పార్ట్‌నర్' అని పేరొకటి! మన పక్క పాలుకు సేద్యం చేసేవాడికి పంటలో పాలుంటుంది. నీకో, బండి నీది, పెట్రోలు నీది, విరిగితే ఎముకా నీదే.

ఆ నిమిషాలేమీ బ్రహ్మరాత కాదు. 2025 డిసెంబరు 31న చాలా ఊళ్లలో నీలాంటి పిల్లలు సమ్మె చేసిరి. జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి చెప్పినాక బ్లింకిట్ ప్రకటనల్లోంచి పది నిమిషాల్లో డెలివరీ అనే మాట పోయింది. కాబట్టి ఎర్ర లైటు కాడ ఆగు. ఆర్డరు పోతే పోనీ.

బండి ఇన్సూరెన్సు కాగితం తీసి చూసినావా? సొంత వాడకానికని రాసిన పాలసీతో డెలివరీ చేస్తా పడితే క్లెయిం కాడ పేచీ వస్తుంది. ఏజెంటును అడిగి మార్పించుకో. ఇంకోటి, దెబ్బ తగిలితే దుడ్లు లేవని రూముకు పోయి పండుకోవద్దు. తమిళనాడు రోడ్డు మీద ప్రమాదమైతే తొలి 48 గంటల వైద్యం, ఒక పరిమితి దాకా, సర్కారుదే. 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం 2021 డిసెంబరు నుంచి ఉండాది, ఏ ఊరోడికైనా. ఈ మాట నీ రూములో పిల్లలందరికీ చెప్పు.

అత్తిబెలె దాటితే రాష్ట్రం వేరు, చట్టం వేరు. కర్ణాటకలో 2025 చట్టం ప్రకారం కారణం రాసిచ్చి, 14 దినాల ముందు నోటీసియ్యకుండా ఐడీ తీసేసే దానికి లేదు. మన పక్క, ముఖ్యమంత్రిగా స్టాలిన్ 2023 ఆగస్టు 15న ప్రకటించిన నీలాంటి పనోళ్ల సంక్షేమ బోర్డు ఉండాది. అయితే బోర్డు నిన్ను వెతుక్కుంటా రాదు. అందులో పేరు లేనోడు పడితే, పడినోడు ఫలానా పనోడని చెప్పే కాగితమే ఉండదు.

వచ్చే ఆదివారం సంతకు వచ్చేటప్పుడు ఆధారూ, బ్యాంకు పుస్తకమూ ఎత్తుకోని రా. సోమవారం పొద్దున నేనూ వస్తా, కృష్ణగిరిలో కార్మిక శాఖ ఆఫీసుకు పోదాం. ఆ ఒక్క పూట లాగిన్ కావద్దు.