గోడ మీది రావి

పక్షి వదిలిన గింజ చాలు, పాత ప్రహరీ పగులులో రావి మొలుస్తుంది. మట్టి దొరక్క గిడసబారినా, మొదలు మాత్రం లావెక్కుతుంది. బోన్సాయ్ పెంచేవారు వెతికేది అలాంటి మొక్కనే. గోడ చీలుతుందని ఎలాగూ నరికేస్తారు. ఇంటివారిని అడిగి తెచ్చుకుంటే ఒక ప్రాణం నిలుస్తుంది.

తీయడానికి తొలకరి తర్వాతి రోజులు మంచివి. తల్లివేరును కురచ చేసినా పీచువేళ్లను భద్రంగా కాపాడాలి. నీరు తాగేవి అవే. ఆకులు చాలావరకు తుంచాలి.

వెంటనే అందమైన పళ్లెంలో నాటాలన్న ఆరాటం మొక్కకు చేటు. మొదట చిల్లున్న లోతైన మట్టికుండీలో, ముతక ఇసుక, ఇటుక ముక్కల మధ్య, ఊగకుండా తాడుతో కట్టి నీడన ఉంచాలి.

చిగురు చూసి ఎరువు వేయకూడదు. కాండంలో దాచుకున్న బలంతోనూ రావి చిగురిస్తుంది. కుండీ అడుగు చిల్లులోంచి కొత్త వేళ్లు కనిపించాకే అది నిలదొక్కుకున్నట్టు.