శుక్రవారం నాటి చేప



తపస్సుకాలం వచ్చిందంటే మన విచారణల్లో తప్పక వినిపించే ప్రశ్న ఒకటున్నది: "ఫాదర్ గారూ, శుక్రవారం మాంసం మానాలి గదా, చేప తినవచ్చునా?" తినవచ్చును. 1983 నాటి శ్రీసభ చట్టం 14 ఏళ్లు నిండినవారిని వర్జించమంటున్నది మాంసాన్ని. చేప ఆ లెక్కలోకి రాదు.

అయితే ఓవెన్ ఉన్న ఇళ్లలో ఇప్పుడు చేపను బటర్ పేపరులో వండుతున్నారు. ముళ్లు తీసిన ముక్కకు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, కాగితంలో పెట్టి, ఆవిరి పోకుండా అంచులు మడిచి, సుమారు 200 డిగ్రీల వేడిలో పావుగంట ఉంచుతారు. చేపలోని నీరే ఆవిరై చేపను ఉడికిస్తుంది. ఇది ఫ్రెంచివారి పద్ధతి. అరటి ఆకును సెగకు చూపి మెత్తబరచి, చేపను చుట్టి పెనం మీద కాల్చడంలో ఉన్న సూత్రమూ ఇదే. నూనె తక్కువ గనుక గుండెజబ్బు ఉన్న పెద్దలకు మంచిది. చదివి పారేసిన వార్తాపత్రికను మాత్రం వాడకండి, సిరా ఆహారానికి అంటుతుంది.

మరి నోరూరించే ఈ పొట్లం శుక్రవారం తింటే తపస్సు అవుతుందా?

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు ఈ సంగతి విచారించాడు. నాలుకకు ఎక్కువ సుఖమిచ్చేది గనుకనే ఉపవాస దినాల్లో శ్రీసభ మాంసాన్ని మానమన్నదని ఆయన వివరణ. ఆ కారణాన్ని మన బజారులో పెట్టి చూడండి. కోడిమాంసం కంటే కొర్రమీను ఖరీదు. కోడి మాని కొర్రమీను తెచ్చినవాడు చట్టాన్ని పాటించాడు, కాని సుఖాన్ని తగ్గించుకోలేదు, పెంచుకున్నాడు.

"చట్టం అడిగింది చేశాం, ఇంకెందుకు?" అంటారేమో. చట్టం గడప వంటిది. గడప దాటకుండా ఇంట్లోకి రాలేము. గడప మీదే కూర్చుంటే ఇంట్లోకి వచ్చినట్టూ కాదు.

అలాగని రుచి పాపమా? కానే కాదు. పునరుత్థానుడైన ప్రభువు తిబేరియ సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపను సిద్ధం చేసి శిష్యులను భోజనానికి పిలిచాడు (యోహాను 21). రాత్రంతా వల వేసి అలసినవారి కోసం రాజేసిన నిప్పు అది. మన వంటను కూడా అలాగే పరీక్షించుకోవచ్చు: ఇది ఎవరి ఆకలి తీరుస్తున్నది?

బొచ్చె చేప పులుసు పెడితే, అనుకోకుండా ఇద్దరొచ్చినా ఇంకాస్త చింతపండు పిండి సర్దుతాము. పొట్లం అలా సాగదు, మనిషికొకటి. వండడంలో తప్పు లేదు. కాని ఆకలిగొన్నవారితో ఆహారం పంచుకోవడమే తనకిష్టమైన ఉపవాసమని దేవుడు యెషయా ప్రవక్త నోట చెప్పించాడు (58వ అధ్యాయం). శుక్రవారం నాడు ఆ మాట గుర్తుండాలి.

1966లో 6వ పౌలు పోపుగారు తపస్సు గురించి రాస్తూ, కలిగినవారు ఆశానిగ్రహానికీ దాతృత్వానికీ సాక్ష్యమివ్వాలనీ, లేమిలో ఉన్నవారు తమ కష్టాన్నే దేవునికి అర్పించవచ్చనీ భేదం చూపారు. మన చింతలపూడి మీదుగా పారే తమ్మిలేరు చివరకు కొల్లేటిలో కలుస్తుంది. ఆ కొల్లేటి లంకల్లో, 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లు తెగగొట్టినపుడు, బ్రతుకుతెరువు పోయిన కుటుంబాలున్నాయి. చిన్న చేపల పులుసే వారి నిత్య భోజనమైతే, అది మానమని వారినెవరూ అడగరు. ఏ చేప కొనాలో ఎంచుకోగలిగిన మనకే ఈ ప్రశ్న.

కాబట్టి ఆదివారం నాడు ఆ పొట్లం చేసుకొని, దేవునికి కృతజ్ఞత చెప్పి, సంతోషంగా తినండి. శుక్రవారం పప్పో, చవక చేపో వండి, మిగిలిన డబ్బు పేదల పెట్టెలో వేయండి. ఇంట్లో రోగికి ఆ వంటే పథ్యమైతే శుక్రవారమైనా నిస్సంకోచంగా చేసిపెట్టండి; అది మీ ప్రేమ క్రియ. చేపలమ్మే తల్లి దగ్గర ఆ ఒక్కరోజైనా బేరమాడకండి. ఆమె ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి గదా!