పొగను వెళ్ళగొడదాం, మనిషిని కాదు



మేడ్చల్ మీదుగా నాగపూరు వైపు సాగే రహదారిపై లారీ నడిపే సోదరుడొకరు ప్రతి ఆదివారం పూజకు వచ్చి చివరి వరుసలో నిలబడేవారు. బీడీ వాసన వస్తోందని పక్కవారు దూరం జరిగేవారు. ఒకనాడు ప్రసంగంలో నేను కూడా, "కొందరు వస్తే గుడిలో సాంబ్రాణి అక్కరలేదు" అన్నాను. అందరూ నవ్వారు. మరుసటి ఆదివారం నుండి ఆయన రాలేదు.

నెల తరువాత శామీర్‌పేటలో ఆయన ఇంటికి వెళ్ళాను. కోపగించుకోలేదు. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఇలా అన్నారు: "ఫాదర్, పదకొండు దినాలు బంద్ జేసిన. ఒక్కలు గూడ అడగలే. పన్నెండో దినం ముట్టిచ్చిన, అందరు జూసిండ్రు."

నాకు తల వంగిపోయింది. తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో నేనూ సిగరెట్లు కాల్చాను. నాలుగుసార్లు మాని, మళ్ళీ పడి, అయిదోసారికి బయటపడ్డాను. ప్రసంగపీఠం ఎక్కగానే ఆ సంగతి మరచిపోయాను!

పొగత్రాగే మనిషి తన ఇష్టంతో త్రాగుతున్నాడా, అలవాటు త్రాగిస్తోందా? రెండూ నిజమే. పొగలోని నికోటిన్ కొన్ని క్షణాల్లోనే మెదడుకు చేరుతుంది. మానిన తొలి రోజుల్లో చిరాకు, నిద్రలేమి, తహతహ పీడిస్తాయి. తప్పని తెలిసి కూడా తనను తాను ఆపుకోలేనివాడు వేరు, తప్పునే మంచిదని ఎంచుకున్నవాడు వేరు అని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. మొదటివాడు పశ్చాత్తాపపడతాడు, కనుక బాగుపడగలడు. 1992లో వెలువడిన మన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం పొగాకు దుర్వినియోగాన్ని మితత్వమనే సుగుణానికి విరుద్ధమంటుంది. అలవాటు వలన మనిషి బాధ్యత తగ్గవచ్చునని కూడా ఆ గ్రంథమే చెబుతుంది.

అయితే బాధ్యత తగ్గినంత మాత్రాన కర్తవ్యం తప్పదు. ఇంట్లో తండ్రి వదిలిన పొగను బిడ్డ కూడా పీల్చుతుంది. ఆ బిడ్డకు మానడమా మానకపోవడమా అనే ఎంపిక లేదు. 2003 నాటి చట్టం, 2008 అక్టోబరు 2 నుండి అమలైన నియమాలు బహిరంగ స్థలాల్లో పొగత్రాగడాన్ని నిషేధించి, రూ. 200 వరకు జరిమానా విధించడం న్యాయమే. కాని చట్టం పొగను బయటకు పొమ్మంది. మనం మనిషినే పంపివేస్తున్నాం.

ఇంకొక మాట. ఖరీదైన సిగరెట్టు కాల్చే పెద్దమనిషికి మన పెండ్లిళ్ళలో ముందు కుర్చీ వేస్తాం. బీడీ కాల్చే కూలివాడిని చూసి ముక్కు మూసుకుంటాం. శామీర్‌పేట దాటి సిద్దిపేట, కరీంనగర్ల వైపు వెళితే, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి బిడ్డలను చదివించుకున్న తల్లులు ఎందరో! మనం అసహ్యించుకునేది పొగనా, పేదరికాన్నా?

శిక్షతో భయపెట్టడం శ్రీసభకూ కొత్త కాదు. 1642లో ఎనిమిదవ ఉర్బాను జగద్గురువులు స్పెయిన్‌లోని సెవిల్లె మేత్రాసన దేవాలయాల్లో పొగాకు వాడితే వెలివేస్తామన్నారు. పొగాకు ఆగలేదు. 1725లో పదమూడవ బెనెడిక్టు జగద్గురువులు అలాంటి శిక్షను తొలగించారు. దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు వేరే దారి పట్టారు: 2018 నుండి వాటికన్‌లో సిగరెట్ల అమ్మకాన్ని ఆపించారు. త్రాగేవారిని దండించలేదు; వారి బలహీనత మీద వచ్చే లాభాన్ని వదులుకున్నారు.

మన కుటుంబాలు చేయగలిగిందీ ఉంది. ఇంట్లో, పిల్లల దగ్గర పొగ వద్దని గట్టిగా, కాని ప్రేమతో చెప్పండి. మానాలనుకునేవారిచేత 1800 11 2356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేయించండి. మళ్ళీ పడితే ఎగతాళి చేయకండి. చాలామంది ఒక్క ప్రయత్నంతో మానలేరు.

నలుగురిలో చేసిన తప్పును నలుగురిలోనే సరిదిద్దుకోవాలి గనుక, ఆ ప్రసంగపీఠం నుండే నేను క్షమాపణ అడిగాను. ఆయన మళ్ళీ గుడికి వస్తున్నారు. ఇంకా పూర్తిగా మానలేదు. పూజ అయ్యాక నేను అడిగేది ఒక్కటే: "ఇవాళ్టికి ఎన్ని రోజులు?"

గత ఆదివారం, "నాలుగు, ఫాదర్" అన్నారు. పక్కనున్న పెద్దాయన ఒకరు ఆయన భుజం తట్టారు.