ఉదయభానుని యెదుట

ఒడిశాలో స్థిరపడిన మన తెలుగువారికి కోణార్కము పరాయి క్షేత్రము కాదు. 13వ శతాబ్దమున గాంగ నరసింహదేవుడు కట్టించిన ఆ సూర్యాలయమునకు సుమారు 3 కిలోమీటర్ల దూరమున చంద్రభాగా తీరము కలదు. రథసప్తమినాడు వేలాది జనులు చీకటితోనే అచట నీట దిగి అర్కోదయమునకు ఎదురుచూతురు.

ఇప్పుడు కొందరు యాత్రికులు బయలుదేరుటకు ముందే ఛాయాగ్రాహకుని కుదుర్చుకొని, బయానా చెల్లించి, వేకువ గడియలను తమ పేర వ్రాయించుకొనుచున్నారు. తొలికిరణములు వాతావరణమున దీర్ఘమార్గము పయనించుటచే నీలకాంతి చెదరి, అరుణకాంతి మృదువుగా వ్యాపించును. ఆ సొగసు కొలది నిమిషములే. దానిని పదిలపరచుకొన గోరుట తప్పని మేము చెప్పజాలము. పెద్దల పెండ్లినాటి పటములను మనము పెట్టెలలో దాచుకొనలేదా? సముద్రము వెనుక కనబడవలెనని సూర్యునకే వీపు త్రిప్పి నిలుచుట మాత్రము వింతయే.

కాని మనము వెలయిచ్చి కుదుర్చుకొన్నది మన రూపమును మాత్రమే. వెనుక తడిబట్టలతో అర్ఘ్యమిచ్చుచున్న ముదుసలి అందులకు ఒప్పుకొనలేదు. అడిగినచో ఒప్పుకొనునేమో; అడుగువారేరి? 'కొంచెము ప్రక్కకు జరుగుడమ్మా' అని ఆమెను కదలించుట ఒక అపచారము. కదలింపక, అందముగా నున్నదని పటమున చేర్చుకొనుట మరియొకటి. రెండవదియే పెద్దదని మా తలంపు. జరుగుమన్ననాడు ఆమెను మనిషిగానైన పలుకరించితిమి గదా!