అపాయము కానిది అల్పమా?

ప్రాణహాని లేని బాధను వైద్యులు స్వల్ప మందురు. కాని యా స్వల్పత్వమును తూచవలసినవా రెవరు? చూచువారా, భరించువారా? సంతాననిరోధక ఔషధములవలన స్త్రీలకు కలుగు అకాలరక్తస్రావమును గూర్చి యోచించునపుడు మాకీ ప్రశ్న తప్పక తోచుచున్నది.

1956లో పోర్టోరికో ద్వీపమున సంతాననిరోధక మాత్రను మొదట విరివిగా పరీక్షించిరి. పింకస్ పండితుని మందులో మెస్ట్రనాల్ అను ఈస్ట్రోజెన్ తయారీలో పొరపాటున కొంత కలిసియుండెను. దానిని తొలగింపగా నడుమ రక్తస్రావము హెచ్చెను. అంతట బుద్ధిపూర్వకముగనే దానిని కలిపిరి. రక్తమును పరిశోధకులు గమనించిరి. స్త్రీల మాటయో? నూటికి 17 గురు వికారము, తలతిరుగుట మొదలగు బాధలు చెప్పిరనియు, ఆ మాత్ర సర్వసామాన్యోపయోగమునకు తగదనియు అచటి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే తెలిపెను. పింకస్ ఆ బాధలలో పెక్కింటిని మనస్సున పుట్టినవని త్రోసివైచెను.

మన దేశమున 2017 నుండి ప్రభుత్వము "అంతర" యను సూదిమందును మూడు నెలల కొకసారి యుచితముగా నిచ్చుచున్నది. ఇట్టి మందు గర్భాశయపు లోపొరను పలుచన చేయును. అందలి సన్నని రక్తనాళములు పెళుసై, వేళగాని వేళ రక్తము చిందును. ఇది తరచుగా ప్రమాదకరము కాదు. పరిశోధకులు స్త్రీలచే దినదినము గుర్తు పెట్టించి, 90 దినముల కొకమారు లెక్క చూతురు.

లెక్క మంచిదే. కాని పట్టికలో చుక్కగా కనబడు దినము, ముట్టును మైలగా నెంచు నింట నేమగును? వంటయిల్లు, పూజగది ఆమెకు దూరమగును. మూడుదినముల వెలి పదిదినము లగును. ఆ బాధ పడలేక మందు మానిన, కోరని గర్భము. కావున చుక్కను శిక్షగా మార్చినది మందు మాత్రమే కాదు, మన యాచారమును.

1985లో హైదరాబాదు చెంత పటాన్‌చెరులో నెట్-ఎన్ సూదిమందు పరీక్షకు వచ్చిన స్త్రీలకు దాని సంగతి సరిగా తెలుపలేదని స్త్రీశక్తి సంఘటన యాక్షేపించెను. మరుసటి యేట నితర సంఘములతో గూడి సుప్రీంకోర్టు నాశ్రయించెను. మందు వలదనుట వేరు, తెలిపి యిమ్మనుట వేరు. సంతానమును మితపరచుకొను స్వాతంత్ర్యము స్త్రీకి వలయు ననియే మా మతము. ఆ స్వాతంత్ర్యము నిజము కావలెనన్న, సూది వేయుటకు ముందే వైద్యుడు రక్తస్రావము సంగతి చెప్పవలెను. అది మిక్కుటమైనచో కారణము పరీక్షింపవలెను. ఇల్లు మైలను విడువవలెను. మొదటి రెండును వైద్యుల పని. మూడవది మనది. దానికి ఏ పరిశోధనయు అక్కరలేదు.