బంతి చేతికిస్తే కదా!

"మా కాలంలో..." అని మొదలైన సంభాషణ సుఖంగా ముగిసిన ఇల్లు ఎక్కడైనా ఉందంటారా? అత్తగారి రోజులకీ కోడలి రోజులకీ మధ్య వచ్చే పేచీల్లో సగానికి సగం ఈ మాటతోనే మొదలవుతాయి. మగవాళ్ళు ఇందుకు అతీతులేం కారు. మన పేచీ వంటింట్లో, వాళ్ళ పేచీ వరండాలో. అంతే తేడా! క్రికెట్టు సీజను వచ్చిందంటే చాలు, "అప్పటి ఫాస్టు బౌలర్ల ముందు ఇప్పటివాళ్ళెంత?" అని ఒకరంటే, "అప్పటివాళ్ళు ఇప్పుడొస్తే రెండో ఓవరు వెయ్యగలరా?" అని ఇంకొకరు.

మా కట్టంగూరు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కీ మధ్య ఉంటుంది. రోడ్డు మీది ఊరు కనక కబుర్లకి కరువు లేదు. "కపిల్ దేవ్ అసొంటోడు మల్ల పుట్టలే బిడ్డా" అంటాడు తాత. "సిరాజ్ ఓవల్ల ఏం జేసిండో సూడలేదా తాతా?" అంటాడు మనవడు. నడిమి తరం ఆయన ఇద్దరినీ కాదని వెస్టిండీసు మార్షల్ పేరెత్తుతాడు. చాయ్ చల్లారిపోతుంది గానీ తీర్పు మాత్రం తేలదు.

ఈ గొడవ మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో క్రికెట్టు కొంచెమే, న్యాయం పాలే ఎక్కువ. వేరు వేరు కాలాల్లో బతికిన ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనే హక్కు మనకుందా? ఉంటే ఏ తక్కెడతో తూచాలి?

ముందు వేగం సంగతి చూద్దాం. 2003 ప్రపంచ కప్పులో పాకిస్తాన్ బౌలరు షోయబ్ అఖ్తర్ వేసిన ఒక బంతి గంటకి 161.3 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిందని యంత్రం చెప్పింది. బాగానే ఉంది. మరి 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో మన దేశం తొలి టెస్టు ఆడినప్పుడు మహమ్మద్ నిస్సార్ వేసిన బంతి వేగమెంత? కొలిచేందుకు యంత్రమే లేదాయె. ఆనాటి మన కెప్టెను సి.కె. నాయుడు, నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంవాడు. అవతల ఇంగ్లండు ఓపెనర్లు హోమ్స్, సట్‌క్లిఫ్. ఆ ఇద్దరే అంతకు పది రోజుల ముందు యార్క్‌షైరు జట్టు తరఫున మొదటి వికెట్టుకి 555 పరుగులు చేసి వచ్చారు. నిస్సార్ ఇద్దరి వికెట్లూ పడగొట్టేశాడు! 19 పరుగులకి ఇంగ్లండు మూడు వికెట్లు పోగొట్టుకుంది. ఆ ఇన్నింగ్స్‌లో నిస్సార్‌కి మొత్తం అయిదు వికెట్లు. అంతటి బౌలరు జీవితంలో ఆడిన టెస్టులెన్నో తెలుసా? ఆరంటే ఆరు. వికెట్లు 25. ఆ రోజుల్లో మనవాళ్ళకి దొరికే టెస్టులే అన్ని. వికెట్ల మొత్తం చూసి ఎక్కువ తక్కువలు చెప్పేస్తే ఆయనకి అన్యాయం చేసినట్టే కదూ?

అయితే సగటు చూద్దాం అంటారు లెక్కలు తెలిసినవాళ్ళు. బౌలరు సగటు అంటే ఒక్కో వికెట్టుకి ఎన్ని పరుగులిచ్చాడన్న లెక్క. ఇంటి ఖర్చులాగే, ఎంత తగ్గితే అంత మేలన్నమాట. మాల్కం మార్షల్ 81 టెస్టుల్లో 376 వికెట్లు తీశాడు, సగటు 21కి కాస్త తక్కువ. కపిల్ దేవ్ 131 టెస్టుల్లో 434 తీశాడు, సగటు 30కి కాస్త తక్కువ. మన బుమ్రా 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 200 వికెట్లు పూర్తి చేసేసరికి సగటు 20 కూడా లేదు. ఈ కాగితం లెక్కల మేష్టారి చేతికిస్తే నిమిషంలో తేల్చేస్తారు: ముందు బుమ్రా, తర్వాత మార్షల్, ఆ వెనక కపిల్.

కాని ఇల్లు నడిపిన ఆడది ఇంత తొందరగా ఒప్పుకోదు. నలుగురు తోడికోడళ్ళున్న ఇంట్లో ఇరవైమందికి వండటం ఒకటి, ఒక్కర్తీ నిలబడి అదే ఇరవైమందికి వండటం ఇంకొకటి. మార్షల్‌కి అవతలి వైపు నుంచి హోల్డింగు, గార్నరు వంటివాళ్ళు వేసేవారు. ఒకరి దగ్గర ప్రాణం దక్కించుకున్న బాట్స్‌మన్ ఇంకొకరికి చిక్కేవాడు. కపిల్ 1978లో వచ్చేదాకా మన జట్టులో కొత్త బంతికి ఉన్న గౌరవం అంతంతమాత్రం. దాని మెరుపు కాస్త పోగొట్టి స్పిన్నర్ల చేతికిచ్చేస్తే చాలనుకునేవారు. ఆ పని కోసం గవాస్కర్ చేత కూడా ఓవర్లు వేయించిన రోజులవి. మన హైదరాబాదు ఆబిద్ అలీ, 1967లో ఆస్ట్రేలియాలో తన మొట్టమొదటి టెస్టులోనే 55 పరుగులకి ఆరు వికెట్లు తీసినవాడు, ఏళ్ళ తరబడి ఈ మెరుపు పోగొట్టే పనే చేశాడు. అదృష్టవశాత్తూ కపిల్‌నీ మార్షల్‌నీ ఒకే నేల మీద చూసే అవకాశం ఒకసారి వచ్చింది. 1983-84లో వెస్టిండీసు మన దేశానికి వచ్చి ఆరు టెస్టులాడింది. అవే పిచ్‌లు, అవే నెలలు. మార్షల్‌కి 33 వికెట్లు, కపిల్‌కి 29! కాగితం మీద కనిపించే ఆ దూరం నేల మీద ఎంత దగ్గరైందో చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ప్రతిదానికీ పరిస్థితులే కారణమంటే ఇక ఎవరినీ మెచ్చుకోనక్కర్లేదు, ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు. అత్తగారు కట్టెల పొయ్యి దగ్గర పొగ మింగుతూ వండారన్నది నిజం. ఆ కష్టానికి చేతులెత్తి దండం పెట్టాలి. అంతమాత్రాన ఆవిడ అన్న ప్రతి మాటా కోడలు పడి ఉండాలని లేదు. కోడలికి ఇంట్లోనే నల్లా వచ్చింది, గ్యాసు వచ్చింది. అంతమాత్రాన పొద్దున్నే వంట చేసి, బస్సెక్కి నల్లగొండలో ఉద్యోగం చేసి, రాత్రికి పిల్లలకి చదువు చెప్పే ఆవిడ సుఖపడిపోతోందని కాదు. బరువులు మారాయి, మోసేవాళ్ళు మోస్తూనే ఉన్నారు.

మరి పోల్చదగ్గది ఏదీ లేదా అంటే, ఒకటుందని నాకనిపిస్తుంది. చేతికందిన దానితో ఎవరేం చేశారన్నది. ఆ 1983లోనే అహమ్మదాబాదు టెస్టులో కపిల్ ఒక్క ఇన్నింగ్స్‌లో తొమ్మిది వికెట్లు తీశాడు. అయినా మాచ్ ఓడిపోయాం. అవతలి చివర తోడు లేకపోయినా ఆ రోజు ఆయన బంతి కింద పెట్టలేదు. ఆటో నడిపి ఇల్లు పోషించిన తండ్రి కొడుకు, మన హైదరాబాదు సిరాజ్ సంగతి చూడండి. 2025లో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లు వేశాడు. ఓవల్‌లో చివరి టెస్టు నాలుగో రోజు, బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకుని కూడా హద్దు తాడు తొక్కేశాడు. బ్రూక్ ఆ తర్వాత సెంచరీ కొట్టాడు. ఇంకొకరైతే ఆ రాత్రితో కుంగిపోయేవాళ్ళే. మర్నాడు పొద్దున్న పడాల్సిన నాలుగు వికెట్లలో మూడు సిరాజే తీశాడు. ఆరు పరుగుల తేడాతో మనం గెలిచాం. వేగాన్ని యంత్రం కొలుస్తుంది, పొదుపుని సగటు కొలుస్తుంది. తప్పు జరిగిన మర్నాడు మళ్ళీ లేచి పరిగెత్తే గుణానికి మాత్రం 1932 అయినా ఒకటే, 2025 అయినా ఒకటే. అక్కడ తాతా మనవడూ ఒకే అరుగు మీద కూర్చోవచ్చు.

అయితే ఈ తక్కెడకీ ఒక లోపముంది. చేతికందిన దానితో ఏం చేశారని అడుగుతున్నాం సరే. అసలు చేతికేమీ అందనివాళ్ళ మాటేమిటి? హైదరాబాదు ఫాస్టు బౌలరు గోవిందరాజ్ 1971లో జట్టుతో పాటు వెస్టిండీసు వెళ్ళాడు, ఇంగ్లండు వెళ్ళాడు. ఒక్క టెస్టులోనూ ఆడనివ్వలేదు. ఆయన గొప్పవాడో కాడో ఏ తక్కెడ చెబుతుంది?

ఇంకా పెద్ద ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. బెంగాల్లో చాక్‌దా అనే చిన్న ఊరి అమ్మాయి ఝులన్ గోస్వామి తెల్లవారుజామున రైలెక్కి కలకత్తా వెళ్ళి బౌలింగు నేర్చుకుంది. 2002 నుంచి 2022 దాకా ఇరవై ఏళ్ళు దేశానికి ఆడింది. వన్డేల్లో 255 వికెట్లు తీసింది. ఆ ఇరవై ఏళ్ళలో ఆవిడకి దొరికిన టెస్టులు పన్నెండు! వాటిలో వికెట్లు 44. కపిల్‌కి పదహారేళ్ళలో 131 టెస్టులు, ఝులన్‌కి ఇరవై ఏళ్ళలో పన్నెండు. వరండాలో వాదించుకునే ముగ్గురిలో ఒక్కరి నోటా ఆవిడ పేరు రాకపోవడంలో వింతేముంది? పోటీకి పిలిస్తే కదా, ఓడటమో గెలవటమో తెలిసేది!

ఇప్పుడు కాలం కొంత మారింది. 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన మన ఆడపిల్లల జట్టులో హైదరాబాదు ఫాస్టు బౌలరు అరుంధతి రెడ్డి కూడా ఉంది. సంతోషమే. కాని కట్టంగూరులాంటి ఊళ్ళలో సాయంత్రం అయిదు గంటలకి చూడండి. మగపిల్లలు వికెట్లు పాతుకుంటూంటారు. అదే వయసు ఆడపిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని గోడవార నిలబడి చూస్తూంటుంది. బంతి తన వైపు దొర్లుకుంటూ వస్తే తీసి విసిరేస్తుంది. ఆ విసురులో ఎంత బలముందో ఎవరూ పట్టించుకోరు.

అందుకని ఈసారి మీ ఇంట్లో "ఎవరు గొప్ప?" అన్న వాదం లేచినప్పుడు చాయ్ ఇచ్చి లోపలికి వచ్చెయ్యకండి. ఆ పిచ్ ఎలాంటిది, అవతలి చివర తోడెవరు, ఆడనిచ్చింది ఎన్ని మాచ్‌లు అని అడగండి. సమాధానాలు వాళ్ళు వెతుక్కుంటూంటారు. ఈలోగా మీ అమ్మాయి చంకలోంచి తమ్ముణ్ణి దింపించి, "ఒక గంటసేపు నువ్వూ ఆడుకుని రా పో" అని పంపించండి. చిన్నవాణ్ణి వరండాలోవాళ్ళు ఎత్తుకుంటారు. వాళ్ళకి మాత్రం వేరే పనేముంది?