అరుగుదల రంగు

కొత్తగా సర్దుకున్న ఇళ్లలో సోఫా వెనక గోడ మీద ఈమధ్య తరచూ ఒక సరస్సు కనిపిస్తోంది. చుట్టూ మంచు అంటిన శిఖరాలు, ఒడ్డున సూదిమొన చెట్లు, నడుమ నెమలికంఠం రంగు నీళ్లు. మా హాల్లోనూ ఉంది, చెక్క చట్రానికి బిగించిన కాన్వాస్ ప్రింటు. కళ్లకు ప్రశాంతంగా ఉంటుందని కొన్నాం. ఆ ప్రశాంతత ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఆలోచిస్తుంటాను.

అది కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానంలో ఉన్న మొరెయిన్ సరస్సు. 1969, 1979 శ్రేణుల ఇరవై డాలర్ల నోటు వెనక ఉన్న దృశ్యం ఇదే. బొమ్మలో మనుషులుండరు. అక్కడ మాత్రం జనం తాకిడికి 2023 నుంచి సొంత కార్లను రానివ్వడం లేదు. బొమ్మలో ఎప్పుడూ వేసవే. అక్కడ ఏడాదిలో సగానికి పైగా నీళ్లు గడ్డకట్టే ఉంటాయి. ఈ రెండూ వదిలేసినందుకు బొమ్మను తప్పుపట్టను. కానీ ఆ రంగు ఎలా పుట్టిందో కూడా అది చెప్పదు.

హిమానీనదం తన బరువుకు తానే మెల్లగా జారుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండను రాసుకుంటూ పోతుంది. సాన మీద చెక్క అరగదీస్తే గంధం దిగినట్టు, ఆ రాపిడికి రాయి మెత్తని పిండి అవుతుంది. కరిగిన నీళ్లతో పాటు సరస్సులో చేరి, అడుక్కు దిగలేనంత సన్నంగా తేలుతూ ఉంటుంది. ఎండలోని ఎరుపును నీరు మింగేస్తుంది. నీలాన్నీ ఆకుపచ్చనూ ఆ రేణువులు చెదరగొట్టి మన కంటికి పంపుతాయి.

మనసును సరస్సుతో పోల్చి, మడ్డి దిగి తేటపడితే అదే శాంతి అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఈ సరస్సు ఆ పోలికకు లొంగదు. ఇక్కడ నీళ్లు తేటపడితే ఆ రంగే పోతుంది. మనం చూసి సేదతీరుతున్నది రాపిడి మిగిల్చిన పొడిని.

నేనెరిగిన నిబ్బరస్తులూ ఇలాంటివాళ్లే. దెబ్బలు తగలనివాళ్లెవరూ వాళ్లలో లేరు, తగిలినవి మరిచినవాళ్లూ లేరు. ఎదుటివాళ్ల గోడు తొందరపడకుండా వింటారు. తమ పాత బాధ లోపల ఇంకా పూర్తిగా అడుక్కు దిగకపోవడం వల్లే అలా వినగలుగుతారనిపిస్తుంది.

అలాగని రాపిడిని పూజించనక్కర్లేదు. వేసవిలో కరిగిన మేరకు చలికాలపు మంచు కురిసి పూడిస్తేనే హిమానీనదం నిలుస్తుంది. ఆ సరస్సు ఉన్న రాకీ పర్వతాల్లో ఇప్పుడు పూడేదానికన్నా కరిగేదే ఎక్కువ. ప్రపంచమంతటా ఇదే వరస కాబట్టే ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. మంచు తరిగిపోతే రాతిపిండి రావడం ఆగుతుంది. ఆ రంగు కాన్వాసుల మీదే మిగులుతుంది.

ఇంట్లో అందరి తరఫునా ఓర్చుకునే మనిషి ఒకరుంటారు. భూదేవంత ఓర్పు అని మెచ్చుకుని మన పనిలో మనం పడిపోతాం. ఆ మెచ్చుకోలు ఖర్చులేనిది, ఆ మనిషికి పూడిక కాదు. అరిగినంత మేరకు తిరిగి ఏం అందుతోందని లెక్క చూసుకోవాల్సింది, ఆ ఓర్పు నీడన బతుకుతున్న మనమే.